భాగం – 7: రోడ్డు సైకిలు ఫ్రేము ఎంపిక – అల్యూమినియమా, కార్బనా?

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• సైకిలు ఫ్రేము మీద పనిచేసే బలాలను గుర్తించగలుగుతారు.
• బలం, దృఢత, సాంద్రత అనే మూడు ధర్మాల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫ్రేము తయారయ్యే విధానాలను పోల్చగలుగుతారు.
• ఫ్రేము బరువు తగ్గితే ఎంత సమయం ఆదా అవుతుందో లెక్క కట్టగలుగుతారు.
• రెండు పదార్థాలు విఫలమయ్యే తీరును బట్టి తగిన ఫ్రేమును ఎంచుకోగలుగుతారు.

7.1 పరిచయం

ముందు భాగాలలో పదార్థాల యాంత్రిక ధర్మాలను ఒక్కొక్కటిగా తెలుసుకున్నారు. ఈ భాగంలో ఆ ధర్మాలన్నింటినీ ఒకేచోట ఉపయోగించి ఒక నిర్ణయం తీసుకోవడం నేర్చుకుంటారు. అందుకు ఉదాహరణగా రోడ్డు సైకిలును తీసుకుందాం. వంగిన హ్యాండిలు, సన్నని టైర్లతో తారు రోడ్డు మీద వేగంగా, ఎక్కువ దూరం నడపడానికి చేసిన సైకిలును రోడ్డు సైకిలు అంటారు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు ట్రాకు మీద ఉదయంపూట ఇటువంటి సైకిళ్లను చూడవచ్చు.

మీరు ఒక సైకిలు దుకాణానికి వెళ్లారనుకుందాం. రెండు సైకిళ్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. ఒకటి అల్యూమినియం, రెండవది కార్బన్. "రెండూ ఎత్తి చూడండి సార్, తేడా మీకే తెలుస్తుంది" అంటాడు దుకాణదారు. మీరు ఎత్తి చూస్తారు. రెండవది తేలికగా ఉంటుంది, ధర ఎక్కువగా ఉంటుంది. ఇక మీ మనసులో ఒకే ప్రశ్న మిగులుతుంది: "ఇంత డబ్బు పెట్టగలనా, లేదా?"

నిజానికి అది అడగవలసిన మొదటి ప్రశ్న కాదు. చేతితో ఎత్తి చూసినప్పుడు తెలిసేది బరువు ఒక్కటే. ఆ ఫ్రేము గుంతలో పడితే ఏమవుతుంది, పగులు వస్తే కంటికి కనిపిస్తుందా, దాన్ని బాగుచేయగలిగినవారు అందుబాటులో ఉన్నారా అన్నవి ఎత్తి చూస్తే తెలియవు. వాలు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నప్పుడు మీ ప్రాణం ఆధారపడేది ఈ ప్రశ్నల మీదనే. అందువల్ల వాటికి సమాధానాలను క్రమంగా తెలుసుకుందాం.

7.2 ఫ్రేము చేసే పని

సైకిలు ఫ్రేము చూడడానికి రెండు త్రిభుజాలు కలిపినట్లు ఉంటుంది. ముందు త్రిభుజంలో హ్యాండిలు, సీటు, పెడళ్ల ఇరుసు అమరుతాయి. వెనుక త్రిభుజంలో వెనుక చక్రం అమరుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వేరే భాగం. దాన్ని ఫ్రేము ముందున్న పొట్టి గొట్టంలో అమరుస్తారు.

నడిపేటప్పుడు ఫ్రేము మీద ముఖ్యంగా నాలుగు రకాల బలాలు పనిచేస్తాయి.

(అ) నడిపేవారి బరువు ఫ్రేమును కిందికి నొక్కుతుంది.
(ఆ) కుడి, ఎడమ పెడళ్లను మార్చి మార్చి తొక్కడం వల్ల పెడళ్ల ఇరుసు ఉన్నచోట ఫ్రేము అటూ ఇటూ వంగుతుంది, మెలితిరుగుతుంది.
(ఇ) బ్రేకు వేసినప్పుడు ఫోర్కు వెనక్కి వంగబోతుంది.
(ఈ) గుంతలు, స్పీడు బ్రేకర్ల వల్ల చక్రాల నుంచి అకస్మాత్తుగా దెబ్బలు వస్తాయి.

వీటిలో రెండవ బలం లెక్కలేనన్నిసార్లు పునరావృతమవుతుంది. నిమిషానికి 80 సార్లు పెడలు తిప్పేవారు గంటలో ఒక్కొక్క కాలితో 4,800 సార్లు ఫ్రేమును వంచుతారు. సైకిళ్ల భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 4210 ప్రమాణంలో ఫ్రేమును లక్షసార్లు పెడలు తొక్కినట్లు వంచి చూసే పరీక్ష ఉన్నది ఇందుకే. బరువును వదిలి దెబ్బకు తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష కూడా అందులో ఉంది. ఏ పదార్థంతో చేసిన ఫ్రేము అయినా ఈ పరీక్షలకు నిలవాలి. కాబట్టి, ప్రమాణాలకు లోబడి చేసిన కొత్త ఫ్రేముల విషయంలో "ఏది గట్టిది" అనే వాదనకు పెద్దగా అర్థం లేదు. రెండూ సరిపోయేంత గట్టివే. తేడా వాడకంలో, ముఖ్యంగా దెబ్బ తగిలిన తరువాత బయటపడుతుంది.

7.3 బలం, దృఢత, సాంద్రత

మాటల్లో ఈ మూడింటినీ కలిపేసి "గట్టిదనం" అంటాం. పదార్థాన్ని ఎంచుకునేటప్పుడు మాత్రం వీటిని విడివిడిగా చూడాలి.

బలం అంటే పదార్థం విరగకుండా, శాశ్వతంగా వంగిపోకుండా ఎంత ప్రతిబలాన్ని భరించగలదో తెలిపే ధర్మం. దృఢత అంటే ఒక బలానికి అది ఎంత తక్కువగా వంగుతుందో తెలిపే ధర్మం. పదార్థం దృఢతను యంగ్ గుణకంతో కొలుస్తారు. సాంద్రత అంటే ఒక ఘన సెంటీమీటరు పదార్థం బరువు. వెదురు బద్ద బాగా వంగుతుంది కాని తేలికగా విరగదు, అంటే దానికి దృఢత తక్కువ, బలం ఎక్కువ. గాజు పలక వంగదు కాని పగిలిపోతుంది.

ఈ కింది విలువలను గమనించండి. ఇవి సుమారు విలువలు.

ఉక్కు: యంగ్ గుణకం 200 గిగాపాస్కల్‌లు, సాంద్రత 7.85, గుణకాన్ని సాంద్రతతో భాగిస్తే 25.5
అల్యూమినియం: గుణకం 70, సాంద్రత 2.7, భాగఫలం 25.9
టైటానియం: గుణకం 110, సాంద్రత 4.5, భాగఫలం 24.4
కార్బన్ మిశ్రమం, పోగుల దిశలో: గుణకం 135, సాంద్రత 1.6, భాగఫలం 84

చివరి అంకెను విశిష్ట దృఢత అంటారు. ఒకే బరువుకు ఎంత దృఢత లభిస్తుందో అది చెబుతుంది. మూడు లోహాలకూ ఈ అంకె దాదాపు ఒకటే అని మీరు గమనించే ఉంటారు. అంటే అల్యూమినియం తేలికైనది అయినా, అది అదే నిష్పత్తిలో మెత్తనిది కూడా. ఉక్కు గొట్టం స్థానంలో అదే కొలతలున్న అల్యూమినియం గొట్టం పెడితే బరువు మూడో వంతుకు తగ్గుతుంది. దృఢత కూడా మూడో వంతుకే పడిపోతుంది.

మరి అల్యూమినియం ఫ్రేములు దృఢంగా ఎలా ఉంటున్నాయి? సమాధానం పదార్థంలో లేదు, ఆకారంలో ఉంది. పలుచని గొట్టం వంపుకు చూపే దృఢత దాని వ్యాసం ఘనానికీ, గోడ మందానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. బరువు మాత్రం వ్యాసానికీ, మందానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి గొట్టం వ్యాసాన్ని రెండింతలు చేసి, గోడ మందాన్ని సగానికి తగ్గిస్తే బరువు మారదు, దృఢత నాలుగింతలు అవుతుంది. అల్యూమినియం సైకిలు గొట్టాలు పాత ఉక్కు సైకిలు గొట్టాలకంటే లావుగా కనిపించడానికి కారణం ఇదే.

7.4 అల్యూమినియం ఫ్రేము

ఈ సూత్రం సైకిళ్లలోకి రావడానికి కొంతకాలం పట్టింది. 1979 ప్రాంతంలో ఫ్రాన్సులో వచ్చిన వీటస్ 979 ఫ్రేములో అల్యూమినియం గొట్టాలు ఉక్కు గొట్టాల్లాగే సన్నగా ఉండేవి. ఐర్లండ్‌కు చెందిన షాన్ కెల్లీ దాని మీద ఎన్నో పోటీలు గెలిచినా, అది బాగా వంగే ఫ్రేము అనే పేరు తెచ్చుకుంది. అమెరికాలో గ్యారీ క్లైన్ 1970లలో ఎంఐటీలో చదువుతున్న రోజుల్లో లావు గొట్టాల అల్యూమినియం ఫ్రేముల మీద పనిచేశాడు. 1983లో కానన్‌డేల్ సంస్థ లావు గొట్టాల ఫ్రేమును మార్కెట్లోకి తెచ్చింది. 1998లో ఇటలీకి చెందిన మార్కో పంతానీ టూర్ డి ఫ్రాన్స్ గెలిచినది కూడా అల్యూమినియం ఫ్రేము మీదనే.

ఫ్రేములకు వాడేది శుద్ధ అల్యూమినియం కాదు, మిశ్రలోహం. ఎక్కువగా వాడే 6061 రకంలో మెగ్నీషియం, సిలికాన్ కలుపుతారు. 7005 రకంలో ముఖ్యంగా జింకు కలుపుతారు. గొట్టాలను వెల్డింగ్ చేసి కలుపుతారు. గొట్టం చివరలు మందంగా, నడుమ పలుచగా ఉండేటట్లు తీయడం సాధారణం. వెల్డింగ్ వేడిని, అతుకు దగ్గర పడే ప్రతిబలాన్ని చివరలే భరించాలి కనుక ఈ ఏర్పాటు. గొట్టాన్ని అచ్చులో ఉంచి, లోపల ద్రవాన్ని అధిక పీడనంతో నింపి కావలసిన ఆకారానికి ఉబ్బించే పద్ధతి కూడా ఉంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోండి. మెత్తబరచిన స్థితిలో 6061 సుమారు 55 మెగాపాస్కల్‌ల దగ్గరే శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది. ఉష్ణచర్య చేసిన తరువాత ఆ విలువ సుమారు 275కు చేరుతుంది. వెల్డింగ్ వేడి ఆ ఉష్ణచర్య ఫలితాన్ని అతుకు చుట్టూ చెడగొడుతుంది. అందుకే కర్మాగారంలో వెల్డింగ్ అయిన తరువాత 6061 ఫ్రేము మొత్తాన్ని కొలిమిలో సుమారు 530 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, చల్లార్చి, మళ్లీ తక్కువ ఉష్ణోగ్రత దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. వీధి చివరి వెల్డింగ్ షాపులో ఈ కొలిమి ఉండదు. పగిలిన అల్యూమినియం ఫ్రేముకు అక్కడ వేయించిన అతుకు నున్నగా కనిపించవచ్చు. దాని చుట్టూ ఉన్న లోహం మాత్రం బలహీనపడి ఉంటుంది.

7.5 కార్బన్ ఫ్రేము

"కార్బన్ ఫ్రేము" అనడం వాడుక. నిజానికి అది కార్బన్ పోగులు, ఎపాక్సీ రెజిన్ కలిసిన మిశ్రమ పదార్థం. ఒక్కొక్క పోగు మందం 5 నుంచి 7 మైక్రోమీటర్లు, అంటే మన తల వెంట్రుకలో పదో వంతు. పోగు లాగుడును భరిస్తుంది. రెజిన్ పోగులను వాటి స్థానంలో పట్టి ఉంచి, ఒక పోగు మీది బలాన్ని పక్క పోగులకు పంచుతుంది.

తయారీలో ముందుగా రెజిన్ పట్టించిన పలుచని కార్బన్ పట్టాలను నిర్ణీత ఆకారాలలో కత్తిరిస్తారు. వాటిని ఒకదానిమీద ఒకటి, వేరువేరు కోణాలలో, చేతితో పేరుస్తారు. ఒక ఫ్రేములో ఇటువంటి ముక్కలు వందల సంఖ్యలో ఉంటాయి. తరువాత అచ్చులో ఉంచి, లోపలి సంచిలో గాలి నింపి ఒత్తుతూ వేడిచేస్తారు. రెజిన్ గట్టిపడి ఫ్రేము తయారవుతుంది. 1986లో గ్రెగ్ లెమాండ్ టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన ఫ్రేములో కార్బన్ గొట్టాలను అల్యూమినియం అతుకులలో అంటించారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో క్రిస్ బోర్డ్‌మన్ స్వర్ణం గెలిచిన లోటస్ సైకిలుకు అసలు గొట్టాలే లేవు. అది అచ్చులో పోసినట్లున్న ఒకే దేహం. ఏ ఆకారమైనా సాధ్యమే అని ప్రపంచానికి చూపిన సైకిలు అది.

7.3లోని 84 అనే అంకె పోగుల దిశకు మాత్రమే వర్తిస్తుంది. అడ్డంగా లాగితే అదే పట్టా గుణకం పదో వంతుకంటే తక్కువ. అన్ని దిశలలో సమానంగా పేరిస్తే గుణకం సుమారు 50 గిగాపాస్కల్‌లకు, విశిష్ట దృఢత సుమారు 31కి దిగుతుంది. అంటే లోహాలకంటే కొంచెమే మెరుగు. కాబట్టి కార్బన్ ఫ్రేము గొప్పతనం పదార్థంలో సగమే ఉంది. మిగిలిన సగం పట్టాలను ఎక్కడ, ఏ కోణంలో, ఎన్ని పొరలు వేయాలో తెలిసిన రూపకర్త దగ్గర, ముడత లేకుండా, మధ్యలో గాలి బుడగ మిగలకుండా పేర్చిన కార్మికుల చేతుల్లో ఉంది. రంగు వేసిన తరువాత ఈ పనితనం కొనేవారికి కనిపించదు. తయారీదారు ఎవరో తెలియని, హామీపత్రం లేని కార్బన్ ఫ్రేమును చవకగా వస్తున్నదని కొనకూడదనడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
గమనిక: (అ) మీ సమాధానాలను విడిగా కాగితం మీద రాయండి.
(ఆ) ఈ భాగం చివర ఇచ్చిన సమాధానాలతో సరిచూసుకోండి.
1. అల్యూమినియం గొట్టాలను ఉక్కు గొట్టాలకంటే లావుగా ఎందుకు చేస్తారు?
2. పగిలిన 6061 ఫ్రేముకు మామూలు వెల్డింగ్ ఎందుకు సరిపోదు?

7.6 బరువు: ఒక చిన్న లెక్క

మధ్యస్థ పరిమాణంలోని అల్యూమినియం రోడ్డు ఫ్రేము సాధారణంగా 1.1 నుంచి 1.5 కిలోలు, కార్బన్ ఫ్రేము 0.7 నుంచి 1.1 కిలోల మధ్య ఉంటుంది. తేడా అరకిలో అనుకుందాం. ఈ అరకిలో మనకు ఎంత సమయం మిగులుస్తుంది?

10 కిలోమీటర్ల పొడవు, 6 శాతం వాలు ఉన్న ఘాట్ రోడ్డును తీసుకోండి. ఎక్కవలసిన ఎత్తు 600 మీటర్లు. సైకిలు, మనిషి, బట్టలు, నీళ్ల సీసా అన్నీ కలిపి 82 కిలోలు. మనిషి నిలకడగా 200 వాట్ల సామర్థ్యంతో తొక్కగలడు. గాలి, టైర్ల నిరోధాన్ని కూడా కలుపుకుంటే ఈ ఘాట్ ఎక్కడానికి సుమారు 46 నిమిషాలు పడుతుంది.

అరకిలోను 600 మీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి: 0.5 × 9.8 × 600 = 2,940 జౌళ్లు.
200 వాట్లతో దీనికి పట్టే సమయం: 2,940 ÷ 200 = 14.7 సెకన్లు.

46 నిమిషాల ఎక్కుడులో ఆదా అయ్యేది సుమారు 15 సెకన్లు. చదును రోడ్డు మీద అంతకూడా ఉండదు. అక్కడ గంటకు 30 కిలోమీటర్ల వేగం దాటితే మనం పోరాడేది ప్రధానంగా గాలితో. మోచేతులు వంచి నడుము దించి కూర్చోవడం వల్ల వచ్చే లాభం ముందు ఫ్రేము బరువు లెక్కలోకి రాదు.

పోటీలో పాల్గొనేవారికి 15 సెకన్లు గెలుపోటములను నిర్ణయించవచ్చు. వారికి ఆ ఖర్చు సమంజసమే. అయితే అక్కడ కూడా ఒక హద్దు ఉంది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధన ప్రకారం పోటీ సైకిలు మొత్తం బరువు 6.8 కిలోలకు తగ్గకూడదు. ఆరోగ్యం కోసం, ఆనందం కోసం, ఉద్యోగానికి వెళ్లడం కోసం తొక్కేవారు ఈ 15 సెకన్లకు తాము ఎంత చెల్లిస్తున్నామో ఒకసారి ఆలోచించుకోవాలి.

7.7 సౌఖ్యం

"అల్యూమినియం ఒళ్లు హూనం చేస్తుంది, కార్బన్ మెత్తగా ఉంటుంది" అనే మాట తరచుగా వినిపిస్తుంది. మొదటి తరం లావు గొట్టాల ఫ్రేముల నుంచి వచ్చిన పేరు అది. కార్బన్‌తో ఒక దిశలో దృఢంగా, మరొక దిశలో కొంత వంగేటట్లు చేయడం సులభమన్నది నిజం. కాని రోడ్డుకూ, మీ నడుముకూ మధ్య ఫ్రేము ఒక్కటే లేదు. టైరులోని గాలి ఉంది, రిమ్ము, సీటు పోస్టు, సీటు ఉన్నాయి. వీటిలో అన్నిటికంటే ఎక్కువగా అణగి, కుదుపును మింగేది టైరు. త్రిభుజాకారపు ఫ్రేము నిలువు దిశలో చాలా కొద్దిగా మాత్రమే వంగుతుంది.

అందువల్ల 25 మిల్లీమీటర్ల టైర్ల స్థానంలో 30 లేదా 32 మిల్లీమీటర్ల టైర్లు వేసి, గాలి కొంచెం తగ్గిస్తే వచ్చే సుఖం, ఫ్రేము మార్చితే వచ్చే సుఖంకంటే ఎక్కువ. ఖర్చు ఎంతో తక్కువ. కొనేముందు ఆ ఫ్రేములో, ఫోర్కులో ఎంత వెడల్పు టైరు పడుతుందో అడిగి తెలుసుకోండి. మన రోడ్ల మీద ఈ ప్రశ్న ఫ్రేము పదార్థంకంటే ముఖ్యమైనది.

7.8 విఫలమయ్యే తీరు

ఈ భాగంలో అన్నిటికంటే ముఖ్యమైన అంశం ఇది.

7.8.1 అల్యూమినియం

ఒక తీగను ఒకసారి వంచితే తెగదు. అదేచోట పదేపదే వంచితే తెగుతుంది. దీనిని లోహశ్రాంతి అంటారు. ఉక్కు విషయంలో ఒక హద్దు ఉంది. ప్రతిబలం ఆ హద్దుకు లోబడి ఉంటే ఎన్నిసార్లు వంచినా అది దాదాపు తెగదు. అల్యూమినియానికి అటువంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న ప్రతిబలం అయినా తగినన్నిసార్లు పడితే పగులు మొదలవుతుంది. అందుకే రూపకర్తలు గొట్టాలను మరింత దృఢంగా చేసి, ప్రతిబలాన్ని తక్కువగా ఉంచి, ఆ రోజును చాలా దూరం నెడతారు. మామూలు వాడకంలో మంచి ఫ్రేము ఎన్నో సంవత్సరాలు పనిచేస్తుంది.

పగులు వస్తే సాధారణంగా వెల్డింగ్ అతుకుల పక్కన వస్తుంది. మొదట రంగు మీద సన్నని గీతలా కనిపిస్తుంది, క్రమంగా పెరుగుతుంది. దెబ్బ తగిలితే గొట్టం సొట్టపోతుంది. అంటే నష్టం చాలావరకు కంటికి కనిపిస్తుంది. వారానికి ఒకసారి సైకిలు తుడిచే అలవాటు ఉన్నవారు పగులును ముందుగానే పట్టుకోగలరు. ఫ్రేము శుభ్రంగా ఉంచుకోవడం అందం కోసం మాత్రమే కాదన్నమాట.

7.8.2 కార్బన్

చక్కగా చేసిన కార్బన్ ఫ్రేము శ్రాంతిని అల్యూమినియంకంటే బాగా తట్టుకుంటుంది. రూపకర్త ఊహించిన దిశలో వచ్చే పెద్ద బలాలను కూడా సులభంగా భరిస్తుంది. ఊహించని దిశలో, ఒకేచోట తగిలే దెబ్బ దానికి శత్రువు. సైకిలు పక్కకు పడి గొట్టం రాతి అంచుకు తగలడం, ప్రమాదంలో హ్యాండిలు గిర్రున తిరిగి పై గొట్టాన్ని కొట్టడం, బస్సు పైన తాడుతో బిగించి కట్టడం ఇటువంటివే.

అటువంటి దెబ్బకు కార్బన్ సొట్టపోదు. లోపలి పొరలు ఒకదాని నుంచి ఒకటి విడిపోవచ్చు. పైకి చిన్న గీత మాత్రమే కనిపించవచ్చు, కొన్నిసార్లు అదీ కనిపించదు. విమానాల్లో మిశ్రమ పదార్థాలు వాడేవారు ఈ రకం నష్టాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుని భాగాలను రూపొందిస్తారు. సైకిలు నడిపేవారికి తమ ఫ్రేము లోపల ఏమి జరిగిందో తెలియదు. ఏ వాలు మీదనో, ఏ గుంతలోనో పొరలు విడిన గొట్టం హఠాత్తుగా విరగవచ్చు.

అనుమానం వచ్చినప్పుడు ఒక నాణెంతో గొట్టాన్ని మెల్లగా తడుతూ రండి. బాగున్నచోట ఖంగుమనే స్పష్టమైన శబ్దం వస్తుంది. పొరలు విడినచోట శబ్దం మందంగా, బోదగా మారుతుంది. మంచి కుండను, బీటవారిన కుండను తట్టి పోల్చడం వంటిదే ఇది. అయితే గొట్టం మందం మారే చోట కూడా శబ్దం మారుతుంది. కాబట్టి ఈ పరీక్ష అనుమానాన్ని బలపరచగలదు గాని, ఫ్రేము బాగుందని హామీ ఇవ్వలేదు. గట్టి ప్రమాదం తరువాత అల్ట్రాసౌండ్ పరీక్ష చేయగల నిపుణులకు చూపించేవరకు ఆ సైకిలును నడపకండి.

ఇంకొక విషయం. మీరు అల్యూమినియం సైకిలు కొన్నా, దాని ఫోర్కు చాలావరకు కార్బన్‌దే అయి ఉంటుంది. కాబట్టి 7.8.2లోని జాగ్రత్తలు ఇద్దరికీ అవసరమే.

7.9 నిర్వహణ, మరమ్మతు

బిగింపు: కార్బన్ భాగాల బిగింపుల దగ్గర 5 న్యూటన్ మీటర్లు వంటి అంకె ముద్రించి ఉంటుంది. 20 సెంటీమీటర్ల స్పానరు చివర సుమారు రెండున్నర కిలోల బరువు వేలాడదీసినంత బలం అది. చేతి అలవాటుతో బిగిస్తే ఈ హద్దు సులభంగా దాటిపోతుంది, పోగులు నలిగిపోతాయి. టార్క్ స్పానరు ఉన్న మెకానిక్ దగ్గరే ఈ పని చేయించండి, లేదా మీరే ఒకటి కొనుక్కోండి.

తుప్పు: కార్బన్, అల్యూమినియం నేరుగా తాకుతూ ఉన్నచోట చెమట, వాన నీరు, సముద్రపు గాలిలోని ఉప్పు చేరితే చిన్న విద్యుత్ ఘటం ఏర్పడుతుంది. అందులో తినిపోయేది అల్యూమినియం. అల్యూమినియం ఫ్రేములో కార్బన్ సీటు పోస్టు ఏళ్ల తరబడి కదపకుండా వదిలేస్తే అది ఊడిరాకుండా పట్టుకుపోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాలలో ఉండేవారు కొన్ని నెలలకొకసారి పోస్టు బయటికి తీసి, తుడిచి, కార్బన్‌కు తగిన పేస్టు రాసి తిరిగి అమర్చాలి.

ఎండ: సాధారణ ఎపాక్సీ ఫ్రేములు మెత్తబడే ఉష్ణోగ్రత సాధారణంగా 100 డిగ్రీలకు పైన ఉంటుంది. కాబట్టి మన వేసవి ఎండకు ఫ్రేము కరిగిపోతుందనే భయం అక్కరలేదు. అయినా రంగు, పైపూత చెడకుండా నీడలో ఉంచడం మేలు.

మరమ్మతు: "కార్బన్ పగిలితే పారేయడమే" అనేది అపోహ. దెబ్బతిన్న పొరలను ఏటవాలుగా అరగదీసి, కొత్త పొరలు పేర్చి గట్టిపరచి నిపుణులు ఫ్రేమును బాగుచేయగలరు. ఫోర్కు పగిలితే మాత్రం మార్చడమే క్షేమం. పైన చెప్పిన ఉష్ణచర్య కారణంగా అల్యూమినియం ఫ్రేము మరమ్మతు సాధారణంగా గిట్టుబాటు కాదు. కాని దాన్ని కరిగించి మళ్లీ లోహంగా వాడుకోవచ్చు. ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతుతోనే ఆ పని అవుతుంది. గట్టిపడిన ఎపాక్సీని ఆ విధంగా కరిగించడం సాధ్యం కాదు.

7.10 ఎంపిక: మూడు సందర్భాలు

సందర్భం – 1: ఒక ఉద్యోగి రోజూ గుంతలున్న రోడ్డు మీద 20 కిలోమీటర్లు తొక్కుతారు. సైకిలును ఆఫీసు స్టాండులో పది బండ్ల మధ్య నిలుపుతారు, సెలవుల్లో బస్సు మీద ఊరికి తీసుకువెళతారు. ఆయనకు అల్యూమినియం తగినది. పక్క బండి మీద పడే అవకాశం రోజూ ఉంది. నష్టం జరిగితే కనిపించే పదార్థమే ఆయనకు క్షేమం. మిగిలిన డబ్బుతో మంచి టైర్లు, డిస్కు బ్రేకులు, హెల్మెట్ కొనుక్కోవచ్చు.

సందర్భం – 2: ఒక యువతి రాష్ట్రస్థాయి పోటీలలో పాల్గొంటున్నది. శిక్షకుని పర్యవేక్షణ ఉంది, టార్క్ స్పానరు ఉన్న మెకానిక్ ఉన్నాడు, సైకిలు ఇంటి గదిలో ఉంటుంది. ఆమెకు కార్బన్ సమంజసం. అయితే పోటీల్లో పడిపోవడం మామూలే కనుక, ఫ్రేము మార్చవలసి వస్తే భరించగలనా అని ముందే ఆలోచించుకోవాలి. భరించలేకపోతే, మంచి చక్రాలు అమర్చిన అల్యూమినియం సైకిలు మీద ధైర్యంగా పోటీ చేయడం మేలు.

సందర్భం – 3: ఒక విద్యార్థికి కొత్త అల్యూమినియం సైకిలు ధరకే వాడిన కార్బన్ సైకిలు దొరుకుతున్నది. అన్నిటికంటే ప్రమాదకరమైన బేరం ఇది. ఆ ఫ్రేము ఇంతకు ముందు ఎన్నిసార్లు పడిందో అమ్మేవారికి తప్ప ఎవరికీ తెలియదు. సీటు పోస్టు, ఫోర్కు విప్పి చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోవాలి. కొత్తగా రంగు వేసిన చోట్లు ఎందుకు వేశారో చెప్పాలి. నిపుణుల పరీక్షకు అంగీకరించాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ బేరాన్ని వదులుకోవడమే తెలివైన పని.

మూడు సందర్భాలలోనూ ఒక షరతు సమానం: ఫ్రేము పరిమాణం మీ ఒంటికి సరిపోవాలి. సరిపోని కార్బన్ ఫ్రేముకంటే సరిపోయిన అల్యూమినియం ఫ్రేము ఎప్పుడూ మేలు. మెడ నొప్పి, మోకాలి నొప్పి వచ్చి సైకిలు మూలన పడితే దాని బరువు ఎంతైనా ఒకటే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – II
3. అరకిలో తేడా వల్ల 300 మీటర్ల ఎత్తు ఎక్కడంలో, 150 వాట్ల దగ్గర, ఎంత సమయం ఆదా అవుతుంది?
4. నాణెం పరీక్షకు గల పరిమితి ఏమిటి?

7.11 సారాంశం

ప్రమాణాలకు లోబడి చేసిన అల్యూమినియం, కార్బన్ ఫ్రేములు రెండూ తగినంత గట్టివే. అల్యూమినియం దృఢత గొట్టం ఆకారం నుంచి వస్తుంది. కార్బన్ దృఢత పొరలను పేర్చిన తీరు నుంచి వస్తుంది. బరువులోని తేడా వల్ల కలిగే సమయపు లాభం చిన్నది. సౌఖ్యాన్ని ఎక్కువగా నిర్ణయించేది టైరు. అల్యూమినియం నష్టం చాలావరకు కనిపిస్తుంది, కార్బన్ నష్టం దాగి ఉండవచ్చు. కాబట్టి "ఏది తేలిక" అని కాక, "నా వాడకంలో దీనికి ఎటువంటి దెబ్బలు తగులుతాయి, తగిలితే నాకు తెలుస్తుందా, తెలిసిన తరువాత నేను ఏమి చేయగలను" అని అడిగి ఎంచుకోవాలి. సైకిలుకే కాదు, నిచ్చెనకైనా, హెల్మెట్‌కైనా పదార్థాన్ని ఎంచుకునేటప్పుడు ఈ మూడు ప్రశ్నలూ ఉపయోగపడతాయి.

7.12 కీలక పదాలు

దృఢత: బలం ప్రయోగించినప్పుడు వంగకుండా నిలిచే గుణం.
విశిష్ట దృఢత: యంగ్ గుణకాన్ని సాంద్రతతో భాగిస్తే వచ్చే విలువ.
లోహశ్రాంతి: చిన్న ప్రతిబలాలు పదేపదే పడడం వల్ల లోహంలో పగులు పుట్టి పెరగడం.
మిశ్రమ పదార్థం: రెండు పదార్థాలు తమ ధర్మాలను కోల్పోకుండా కలిసి పనిచేసే పదార్థం.
ఉష్ణచర్య: వేడిచేసి, చల్లార్చి లోహ ధర్మాలను మార్చే ప్రక్రియ.

7.13 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములు విఫలమయ్యే తీరును పోల్చి, కొనుగోలుదారునికి దాని ప్రాముఖ్యాన్ని వివరించండి.
2. కార్బన్ ఫ్రేము తయారీ దశలను వివరించి, పొరల దిశకు గల ప్రాధాన్యాన్ని చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మూడు లోహాల విశిష్ట దృఢతను పోల్చండి.
2. వాడిన కార్బన్ సైకిలు కొనేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?

7.14 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. అల్యూమినియం గుణకం ఉక్కు గుణకంలో మూడో వంతు. వ్యాసం పెంచితే దృఢత దాని ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి ఆ లోటు తీరుతుంది.
2. వెల్డింగ్ వేడి అతుకు చుట్టూ ఉష్ణచర్య ఫలితాన్ని చెడగొడుతుంది. ఫ్రేము మొత్తానికి మళ్లీ ఉష్ణచర్య చేయకపోతే పూర్వపు బలం రాదు.
3. 0.5 × 9.8 × 300 = 1,470 జౌళ్లు; 1,470 ÷ 150 = 9.8 సెకన్లు.
4. గొట్టం మందం మారినచోట కూడా శబ్దం మారుతుంది. కాబట్టి అది అనుమానాన్ని బలపరుస్తుందే గాని, ఫ్రేము బాగుందని నిర్ధారించలేదు.